నవ్వుకుంటూ చూడాల్సిన హత్య కథ

అమ్మలూ,

నీ మెసేజీ చదివాను. హ్యూ లోరీ తీసిన 'వై డిడంట్ దే ఆస్క్ ఎవాన్స్?' సీరియల్ మూడు భాగాలూ ఒకే రాత్రి, వేగం ఒకటిన్నర రెట్లు పెట్టుకుని, మొదటి భాగం అయిపోగానే ఫోనులో హంతకుడి పేరు వెతుక్కుని మరీ చూసేశానన్నావు. చూసి, "బాగానే ఉంది కానీ పెద్దమ్మా, మరీ తేలిక. అవతల మనిషి చచ్చిపోతే వీళ్లకి సరసాలేమిటి?" అని అడిగావు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. మనసున్నవాళ్లే అలా అడుగుతారు. అందుకే రెండు ముక్కల్లో జవాబు పంపి ఊరుకోబుద్ధి కాలేదు.

పొద్దున్నుంచీ ఆఫీసు, సాయంత్రం వంటిల్లు, ఆ తర్వాత రాత్రికి ఓ గంట నీకంటూ మిగులుతుంది. ఆ గంట నీకు హాయిగా గడవాలని నా కోరిక. పైగా దాని మూల నవల రాసిన అగాథా క్రిస్టీ అంటే నాకు ఎంత ప్రేమో నీకు తెలుసు. అది తేలికైన కథే, నేనూ కాదనను. అయితే అంత తేలికగా చెప్పడానికి చాలా పనితనం కావాలి తల్లీ. ఆ కబుర్లలోనే, ఆ నవ్వుల్లోనే కథ తాలూకు ఆధారాలు పరిచి ఉంటాయి. వాటిని దాటేసి పేరు కోసం పరిగెత్తితే అటు నవ్వూ దక్కదు, ఇటు చిక్కుముడి మన చేతుల్లో విడివడే సంతోషమూ దక్కదు. అందుకని మళ్లీ చూడమంటున్నాను. ఎలా చూడాలో, ఎందుకు చూడాలో చెప్తాను, ఓపిగ్గా చదువు.

కథ మొదలైన చోటికే వెళ్దాం. వేల్స్ సముద్రతీరంలో మార్చ్‌బోల్ట్ అని ఓ చిన్న ఊరు. అక్కడి చర్చి పాస్టరు గారి అబ్బాయి బాబీ జోన్స్. నౌకాదళం నుంచి వచ్చేసి, ఉద్యోగం లేక, ఇంటిపట్టున ఉంటున్నాడు. నవలలో అతను డాక్టర్ థామస్‌తో గోల్ఫ్ ఆడుతూ కనిపిస్తాడు. సీరియల్లో అదే డాక్టరు గారికి గోల్ఫ్ కర్రలు మోసే క్యాడీగా పెట్టారు. కొండ అంచున కేక వినిపిస్తుంది. కిందకి చూస్తే ఎవరో మనిషి పడి ఉన్నాడు. డాక్టరు సాయం కోసం వెళ్తాడు, బాబీ ఆ మనిషి పక్కన కూర్చుంటాడు. ఆ మనిషి ఒక్క క్షణం కళ్లు తెరిచి, స్పష్టంగా ఒక ప్రశ్న అడిగి ప్రాణం వదులుతాడు. ఆ ప్రశ్నే పుస్తకానికి పేరు. ఎవాన్స్‌ని వాళ్లెందుకు అడగలేదు? ఎవరీ ఎవాన్స్, 'వాళ్లు' ఎవరు, ఏం అడగాల్సింది? ఇంత చిన్న మాట మీద నవల మొత్తం నిలబెట్టింది క్రిస్టీ.

బాబీ జోన్స్ అన్న పేరు దగ్గరే క్రిస్టీ ఒకసారి నవ్వించింది, చూశావా? ఆ రోజుల్లో ప్రపంచమంతా తెలిసిన అమెరికన్ గోల్ఫ్ ఆటగాడి పేరది. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద పోటీలూ గెలిచినవాడు. నవల అచ్చయిన 1934లోనే అగస్టాలో అతను పెట్టిన మాస్టర్స్ పోటీ మొదటిసారి జరిగింది. అలాంటి పేరు పెట్టుకుని మన కుర్రాడు బంతిని కొండ అంచు మీదుగా కిందకి కొడతాడు. అప్పటి పాఠకుడు మొదటి పేజీలోనే పెదవి విచ్చి ఉంటాడు. అంటే సరసం టీవీ వాళ్లు తెచ్చి పూసింది కాదు. పుస్తకంలోనే ఉంది, అదీ శవం కనబడక ముందు నుంచే.

ఇక నీ ప్రశ్న. మనిషి చచ్చిపోతే నవ్వులేమిటని. ఆ కొండ కింద సన్నివేశం మళ్లీ ఒకసారి మామూలు వేగంతో చూడు. అక్కడ ఎవరూ నవ్వరు. బాబీగా వేసిన విల్ పౌల్టర్ మొహం చూడు. ముక్కూ మొహం తెలియని మనిషి ప్రాణం పోతుంటే పక్కన కూర్చున్న కుర్రాడు ఎలా ఉంటాడో అలాగే ఉంటాడు. తర్వాత కథంతా అతను ఈ గొడవలో దూరడానికి కారణం కూడా ఆ కాసేపే. పోలీసులకి పట్టలేదు, ఊరివాళ్లకి అదొక ప్రమాదం. చివరి మాట విన్నవాడు బాబీ ఒక్కడే, ఆ మాట బరువు అతని మీద పడింది. అతను సరదాగా మాట్లాడతాడు, చిన్ననాటి స్నేహితురాలు ఫ్రాంకీతో వాదులాడతాడు, కారులో పాటలా కబుర్లు దొర్లిస్తాడు, అయినా ఆ బరువు దించుకోడు. చనిపోయిన మనిషిని చూసి ఈ కథ ఎక్కడా నవ్వదు. బతికున్నవాళ్ల డాంబికాలనీ, భయాలనీ, ప్రేమ చెప్పుకోలేని అవస్థనీ చూసి నవ్వుతుంది. ఈ తేడా పట్టుకున్నావంటే నీ మనసుకి తగిలిన ముల్లు దానంతటదే ఊడిపోతుంది.

ఆ చనిపోయిన మనిషి జేబులో ఒక అందమైన స్త్రీ ఫోటో ఉంటుంది. నవలలో బాబీ ఆ సాయంత్రం చర్చిలో ఆర్గన్ వాయిస్తానని వాళ్ల నాన్నకి మాటిచ్చి ఉంటాడు. ఆలస్యమైతే పాస్టరు గారి కోపం. అంతలో అటుగా వచ్చిన కొత్త మనిషి ఎవరో, "మీరు వెళ్లండి, నేను కాపలా ఉంటాను" అంటాడు. ఎంత మామూలుగా జరిగిపోయిందో చూడు! తండ్రి చీవాట్లకి భయపడే కొడుకుని చూసి మనం చిరునవ్వు నవ్వుకుంటాం. ఆ నవ్వులో ఉండగానే కథకి కీలకమైన ఒక పని మన కళ్ల ముందే అయిపోతుంది. ఏం జరిగిందో నేను చెప్పను. నువ్వు ఎలాగూ ముగింపు చూసేశావు కాబట్టి వెనక్కి వెళ్లి ఆ కాసేపు చూసుకో. క్రిస్టీ ఎప్పుడూ ఇంతే. ముఖ్యమైన సంగతిని గంట కొట్టి చెప్పదు. టీ కప్పులు సర్దుతూనో, తోటపని గురించి సణుగుతూనో ఎవరో ఒకరు అనేసి వెళ్లిపోతారు. నవ్వించే మాట విన్నప్పుడు మన అనుమానం కాస్త సడలుతుంది. సరిగ్గా అప్పుడే ఆవిడ ఆధారాన్ని మన ముందు పెట్టి పక్కకి తప్పుకుంటుంది.

ఇందులో మోసం లేదు, గుర్తుంచుకో. ఆ తరం రచయితలకి కట్టుబాట్లుండేవి. 1929లో రోనల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదరు, తనూ డిటెక్టివ్ కథలు రాసేవాడే, పది నియమాలు రాసిపెట్టాడు. రహస్య మార్గాలు ఒకటికి మించి ఉండకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికి చూపించకుండా దాచకూడదు, కవలల్ని ముందుగా చెప్పకుండా చివర్లో దింపకూడదు, ఇలాంటివి. మరుసటి ఏడాది లండన్‌లో డిటెక్షన్ క్లబ్ ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు జి.కె. చెస్టర్టన్. డొరతీ సేయర్స్, క్రిస్టీ అందులో సభ్యులు. 1957 నుంచి చనిపోయేదాకా క్రిస్టీయే అధ్యక్షురాలు. పాఠకుడితో న్యాయంగా ఆడాలన్నది వాళ్ల పట్టుదల. నీకు అన్నీ చూపించి, అయినా నువ్వు కనిపెట్టలేని విధంగా చూపించడం వాళ్ల గొప్ప. అలాంటి ఆటలో ఫోను తీసి జవాబు చూసుకుంటే ఆడిన సుఖం ఏముంది చెప్పు? నీ పుస్తకాల సంచిలో పొడుపుకథల పుస్తకం ఉండేది చిన్నప్పుడు. జవాబు చెప్పబోతే చెవులు మూసుకునేదానివి. ఆ పిల్ల ఇంకా నీలో ఉందని నా నమ్మకం.

లోరీ గురించి కాస్త చెప్పనీ. నీకు అతను 'హౌస్' సీరియల్లో కర్ర పట్టుకుని కసురుకునే డాక్టరుగానే తెలుసు. మా తరంలో ఇంగ్లీషు హాస్యం చదువుకున్నవాళ్లకి అతను బెర్టీ వూస్టర్. పి.జి. వుడ్‌హౌస్ కథలతో 1990 నుంచి 1993 దాకా వచ్చిన 'జీవ్స్ అండ్ వూస్టర్'లో స్టీఫెన్ ఫ్రై జీవ్స్, ఇతను వూస్టర్. దానికి చాలా ముందే వీళ్లిద్దరూ, ఎమ్మా థాంప్సన్ కేంబ్రిడ్జి యూనివర్సిటీలో ఫుట్‌లైట్స్ అనే హాస్య నాటక బృందంలో కలిసి వేషాలు వేశారు. 1981లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఆ బృందానికి బహుమతి వచ్చింది. అంటే 1930ల నాటి ఇంగ్లీషు కుర్రకారు ఎలా మాట్లాడేవారో, ఏ మాటని ఏ వేగంతో విసిరేవారో లోరీకి నరనరానా తెలుసు. 2022లో బ్రిట్‌బాక్స్ కోసం ఈ నవలని తనే సీరియల్‌గా రాశాడు, తనే దర్శకత్వం వహించాడు, డాక్టర్ నికల్సన్ వేషమూ తనే వేశాడు. ఫ్రాంకీ తల్లిదండ్రులుగా పాత స్నేహితురాలు ఎమ్మా థాంప్సన్, జిమ్ బ్రాడ్‌బెంట్. వాళ్లు తెర మీద ఉండేది కాసేపే. ఆ కాసేపు చూడు ఎంత సంబరంగా ఉంటుందో! పెద్ద నటులు చిన్న వేషాన్ని ఎంత ఇష్టంగా వేస్తారో అక్కడ నేర్చుకోవచ్చు. డాక్టర్ థామస్‌గా చేసినాయన నీకు బాగా తెలిసినవాడే. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో వారిస్, కాన్లెత్ హిల్.

ఇప్పుడు నాకు ఈ సీరియల్లో అన్నిటికంటే ఇష్టమైన సంగతి. బాబీ, ఫ్రాంకీ.

ఫ్రాంకీ, అంటే లేడీ ఫ్రాన్సెస్ డెర్వెంట్, ప్రభువంశం పిల్ల. కోటలాంటి ఇల్లు, పనివాళ్లు, రైల్లో మొదటి తరగతి. బాబీ జేబులో చిల్లర లేని పాస్టరు కొడుకు. చిన్నప్పుడు కలిసి ఆడుకున్నారు. పెద్దయ్యాక ఊరు వాళ్లిద్దరి మధ్యా గీత గీసింది. అతనికి ఆ గీత గుర్తుంటుంది, ఆమెకి గుర్తుండదు. ఉన్నవాళ్లకి గుర్తుండదు, లేనివాళ్లకి మరుపు రాదు, లోకరీతి అది. వీళ్లిద్దరూ కలిసి ఆ చివరి ప్రశ్న సంగతి తేల్చాలనుకుంటారు. అనుమానం ఉన్న ఓ పెద్దింట్లో అడుగుపెట్టడానికి ఫ్రాంకీ ఆ ఇంటి దగ్గరే కారు ప్రమాదం జరిగినట్టు నాటకం ఆడుతుంది. బాబీ ఆవిడ డ్రైవరు వేషం కడతాడు. టోపీ పెట్టుకుని, కారు తలుపు తీసి, తలొంచుకుని నిలబడాలి. పక్కన ఎవరూ లేనప్పుడు మాత్రం ఇద్దరూ సమానం, పోట్లాడుకోవచ్చు.

నవ్వొచ్చే ఏర్పాటే. కానీ అందులో ఎంత నిజం ఉందో చూడు. డ్రైవరు యూనిఫాం వేసుకోగానే బాబీ ఎవరికీ కనపడడు. పెద్దింటివాళ్లు డ్రైవరు మొహం చూడరు, గొంతు పోల్చుకోరు. అతను వాళ్ల మధ్యే తిరుగుతూ, వాళ్ల మాటలన్నీ వింటూ ఉంటాడు. ఎవరిని మనిషిగా చూడమో వాళ్లకే మన రహస్యాలన్నీ తెలుస్తాయి. ఈ సంగతి క్రిస్టీ తన పుస్తకాల్లో ఎన్నోచోట్ల వాడుకుంది. వంటమనిషి, నర్సు, గుమాస్తా, దుకాణంలో అమ్మాయి, వీళ్లని ఎవరూ పట్టించుకోరన్నది ఆవిడ లెక్కలో ఓ బలమైన దినుసు. ఉపన్యాసం ఇచ్చి ఉంటే నువ్వు ఆవలించేదానివి. నవ్వించి చెప్పింది కాబట్టి నాకు ఇన్నేళ్లయినా గుర్తుంది.

లూసీ బోయింటన్ ఫ్రాంకీగా ఎంత బాగుందో! 2017 నాటి 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' సినిమాలో కౌంటెస్ ఆండ్రెన్యీ వేషం కూడా ఆమెదే. అక్కడ బొమ్మలా కూర్చోబెట్టారు. ఇక్కడ బండి తోలేది ఆమె, పథకం వేసేది ఆమె. చొరవ అంతా ఆమెదే. ఆమె ఉత్సాహం ఒక్కోసారి బాబీ ప్రాణం మీదకి తెస్తుంది, అతను సణుగుతూనే వెంట వెళ్తాడు. ప్రేమిస్తున్నానని ఇద్దరిలో ఎవరూ ఓ పట్టాన నోరు విప్పి చెప్పరు. చెప్పాల్సిందంతా ఎకసెక్కాలలో చెప్పుకుంటారు. ఒకటిన్నర రెట్ల వేగంలో ఆ మౌనాలు ఎగిరిపోతాయి అమ్మలూ. ఒకరు మాటన్నాక ఇంకొకరు జవాబివ్వకుండా ఆగే ఆ అర సెకను కోసమే లోరీ అంత కష్టపడ్డాడు. దాన్ని నువ్వు కోసి పారేస్తే మిగిలేది హంతకుడి పేరే. పేరు కోసమైతే సీరియల్ ఎందుకు, ఒక్క వాక్యం చాలు.

క్రిస్టీకి ఇలాంటి సరదా కథలు రాయడం చాలా ఇష్టం. తన డిటెక్టివ్‌లు పాయిరో, మిస్ మార్పుల్ నవలల పక్కనే ఇవీ రాస్తూ వచ్చింది. 1922లో 'ది సీక్రెట్ అడ్వర్సరీ'లో టామీ, టుప్పెన్స్ అనే జంట. 1924లో 'ది మ్యాన్ ఇన్ ది బ్రౌన్ సూట్'. 1925లో 'ది సీక్రెట్ ఆఫ్ చిమ్నీస్', 1929లో 'ది సెవెన్ డయల్స్ మిస్టరీ'. వీటిలో పేరున్న డిటెక్టివ్ ముందుండడు. పని లేని కుర్రాళ్లూ, భయం లేని ఆడపిల్లలూ కలిసి ప్రమాదంలోకి ఉరుకుతారు. ఎవాన్స్ కూడా ఆ కోవదే. విశేషమేమిటంటే 1934 మొదట్లో ఆవిడ 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' ఇచ్చింది, ఆ ఏడే ఇదీ ఇచ్చింది. పగా, న్యాయమూ, దుఃఖమూ కలగలిసిన అంత బరువైన కథ రాసిన చేత్తోనే ఇంత హుషారైన కథ రాసింది. రెండిట్లో ఏది గొప్పదని అడిగితే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనే చెప్తాను. ఏది మళ్లీ చదవాలనిపిస్తుందని అడిగితే నా చెయ్యి ఎవాన్స్ వైపే పోతుంది.

కష్టం తెలియక నవ్వింది కాదు ఆవిడ. మొదటి ప్రపంచయుద్ధంలో సొంత ఊరు టార్కీలో గాయపడ్డ సైనికుల ఆసుపత్రిలో నర్సుగా పని చేసింది, తర్వాత మందులు కలిపే డిస్పెన్సరీకి మారింది, దానికి పరీక్షా పాసైంది. ఆవిడ కథల్లో విషాలు అంత కచ్చితంగా ఉండటానికి మూలం ఆ డిస్పెన్సరీ. బాబీ తాగే బీరులో ఎవరో మార్ఫియా కలుపుతారు, గుర్తుందా? దాని మోతాదు, ప్రభావం తెలిసి రాసిన చెయ్యి అది. 1926లో తల్లి పోయింది. ఆ ఏడే భర్త వేరే ఆవిడని ప్రేమించానని చెప్పాడు. డిసెంబరులో క్రిస్టీ ఇంట్లోంచి వెళ్లిపోయి పదకొండు రోజులు ఎవరికీ కనపడలేదు. దేశమంతా వెతికితే హారోగేట్‌లో ఓ హోటల్లో దొరికింది. ఆ దెబ్బ నుంచి తేరుకుని, 1930లో పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మాలొవాన్‌ని పెళ్లాడి, కొత్త జీవితం మొదలుపెట్టాక రాసిన పుస్తకం ఇది. అందులో ఆ వెలుగు ఉంది. యుద్ధంలో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న ఒక తరం, ఉద్యోగాల్లేని రోజుల్లో, ఇలాంటి పుస్తకం తెరిచి రెండు గంటలు ఊపిరి పీల్చుకుంది. వాళ్లని తేలిక మనుషులంటామా?

పైగా ఇందులో చీకటి లేకపోలేదు. ఓ ఇంట్లో మత్తుమందుకి బానిసైన మనిషి ఉన్నాడు. ఓ మానసిక చికిత్సాలయం గోడల వెనక భయపడుతున్న ఆడమనిషి ఉంది. లోరీ అక్కడికి వచ్చేసరికి వెలుతురు తగ్గించాడు, హాస్యం పక్కన పెట్టాడు. డాక్టర్ నికల్సన్ వేషంలో అతను గొంతు పెంచకుండానే ఒళ్లు జలదరించేలా చేస్తాడు. అప్పటిదాకా నవ్వి ఉన్నాం కాబట్టే ఆ భయం అంతలా తగులుతుంది. వంటలో పులుపూ కారమూ నీకు నేను వేరే చెప్పాలా?

సాహిత్యాన్ని తెరకెక్కించడం గురించి నువ్వు ఓ మాట రాశావు. మూలాన్ని మార్చకూడదని. నా అభిప్రాయం కొంచెం వేరు. మార్చడంలో తప్పు లేదు, కథ స్వభావం ఎరిగి మార్చాలి. 2009లో ఐటీవీ వాళ్లు ఇదే నవలని మిస్ మార్పుల్ సీరియల్లో కలిపేసి, మూలంలో లేని ఆ ముసలావిడని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. మార్పుల్‌గా వేసిన జూలియా మెకెంజీ మంచి నటే. కానీ ఆరితేరిన డిటెక్టివ్ వచ్చి కూర్చున్నాక ఈ కుర్రజంటకి పనేముంది? వాళ్ల తడబాట్లలోనే కథ అందమంతా ఉంది. బీబీసీ వాళ్లు 2015 నుంచి సారా ఫెల్ప్స్ చేత క్రిస్టీని బాగా చీకటిగా రాయించారు. 'అండ్ దెన్ దేర్ వర్ నన్'కి ఆ చీకటి సరిగ్గా అతికింది. పుస్తకమే అలాంటిది. అదే చేత్తో 2018లో 'ఆర్డీల్ బై ఇన్నోసెన్స్'లో హంతకుణ్నే మార్చేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆధారాలన్నీ ఒకరి వైపు చూపేలా క్రిస్టీ కట్టిన కథలో వేలు ఇంకొకరి వైపు తిప్పితే ఆ కట్టడం నిలబడదు.

నవ్వులాట మీద క్రిస్టీకీ అభ్యంతరాలుండేవి. 1961 నుంచి 1964 మధ్య మార్గరెట్ రూథర్‌ఫర్డ్ మిస్ మార్పుల్‌గా నాలుగు సినిమాలు వచ్చాయి. అన్నీ హాస్యమే. రెండిటికి పాయిరో నవలలు తీసుకుని మార్పుల్‌ని పెట్టారు, ఇంకోదానికి క్రిస్టీ కథే లేదు. ఆ సినిమాలు ఆవిడకి నచ్చలేదు. అయినా 1962లో వచ్చిన 'ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్' నవలని రూథర్‌ఫర్డ్‌కే అంకితం ఇచ్చింది. సినిమా మీద కోపం సినిమా మీదే, నటి మీద గౌరవం నటి మీదే. అంత ఇంగితం ఉన్న మనిషి. లోరీ సీరియల్లో నవ్వు ఆవిడ పేజీల్లోంచే వచ్చింది కాబట్టి, చూసి ఉంటే మెచ్చుకునేదనే నాకు తోస్తుంది.

మన డిటెక్టివ్ కథల్లోనూ ఉత్కంఠ, హాస్యం, ఈ రెండు దారులూ ఉన్నాయి కదా. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు కథలు అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని ఇంటిల్లిపాదీ చదివిన రోజులు మీ అమ్మకీ నాకూ బాగా గుర్తు. అవి ఉత్కంఠ కథలు. మరి 1986లో జంధ్యాల గారు మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవలతో తీసిన 'చంటబ్బాయ్'? డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవిని చూసి నువ్వు కిందపడి నవ్వేదానివి. ఆ సినిమాని తేలిక అని నువ్వెప్పుడూ తోసిపుచ్చలేదు. మరి ఇంగ్లీషు వాళ్ల సరదా కథ దగ్గర మాత్రం ఎందుకంత బిగుసుకుపోవడం?

సరే, ఎలా చూడాలో చెప్తాను. రోజుకి ఒక భాగమే చూడు. మూడు రాత్రులు పడుతుంది, పడనీ. కథ ఆగిన చోట మనసు ఊరుకోదు, మర్నాడు ఆఫీసులో కూడా ఎవాన్స్ ఎవరా అని తిరుగుతుంటుంది. ఆ తిరగడమే సగం సుఖం. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకో, మొహమాటపడకు. ఆ వేల్స్ యాసలు, దొరల ముక్కుమాటలు నలభై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నాకే కొన్ని అందవు. ఫోను వేరే గదిలో ఉంచు.

అల్లుడు గారిని పక్కన కూర్చోబెట్టుకో. ఆయనకి కథ తెలియదు కదా, అది నీకు వరం. మొదటి భాగం అయ్యాక ఇద్దరూ చెరో కాగితం మీద అనుమానం రాసుకుని మడిచి పెట్టండి. నీకు తెలుసని బయటపడకు. నువ్వు చూడాల్సింది వేరే. తెలిసినదానిలా చూస్తున్నప్పుడు ఆధారాలు ఎక్కడెక్కడ పెట్టారో లెక్కపెట్టు. కరోనర్ విచారణ జరిగే చోట కళ్లు తెరిచి ఉంచు. మన పోలీసుల శవ పంచాయితీ కంటే పెద్ద తంతు అది. జ్యూరీ కూర్చుంటుంది, సాక్షులు ప్రమాణం చేసి చెప్తారు, మరణానికి కారణం తేలుస్తారు. చనిపోయినవాడి తాలూకు మనుషులమంటూ వచ్చినవాళ్లు ఏం చెప్తున్నారో, జేబులో దొరికిన ఫోటో గురించి ఏమంటున్నారో జాగ్రత్తగా విను. రెండోసారి చూసినప్పుడు ఆ సన్నివేశం నాకు మొదటిసారి కంటే ఎక్కువ నచ్చింది.

మీ అత్తగారినీ పిలువు. ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదని వదిలెయ్యకు. మధ్యమధ్య ఆపి రెండు మాటలు చెప్తే చాలు, పాతకాలపు కార్లు, ఆ టోపీలు, సముద్రం అంచున కొండలు చూసి సంతోషిస్తారు. మనుషుల్ని పసిగట్టడంలో ఆవిడ మనందరికంటే చురుకు. హంతకుణ్ని మొదట పట్టేది ఆవిడేనని నా పందెం. హాయిగా నవ్వుతూ నలుగురూ కూర్చుని చూడగలిగిన కథలు ఇప్పుడు తక్కువ. హత్య ఉన్నా వెగటు లేదు, నెత్తుటి ముద్దలు చూపించి బెదిరించరు.

అది అయ్యాక ఓపికుంటే నవల చదువు. పెద్దది కాదు, భాష సులువు. ఆ తర్వాత 1980లో లండన్ వీకెండ్ టెలివిజన్ వాళ్లు తీసిన పాత రూపం దొరికితే చూడు. ఫ్రాన్సెస్కా ఆనిస్ ఫ్రాంకీ, జేమ్స్ వార్విక్ బాబీ. పాస్టరు గారిగా ఎవరనుకున్నావు, సర్ జాన్ గీల్‌గుడ్! ఆ జంట జనానికి ఎంత నచ్చిందంటే 1983లో టామీ, టుప్పెన్స్ కథలకి కూడా వాళ్లిద్దర్నే తీసుకున్నారు. అది నిదానంగా నడుస్తుంది, గదుల్లోనే ఎక్కువ సాగుతుంది. పుస్తకాన్ని వదలకుండా పట్టుకుంటుంది. లోరీది దానికంటే చురుగ్గా ఉంటుంది, ప్రేమ ఎక్కువ. నా ఓటు లోరీకే.

చివరగా ఒక్కటి అడుగుతాను, కాదనకు. క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' 1952 నవంబరులో లండన్‌లో మొదలైంది. కరోనా రోజుల్లో 2020 మార్చిలో ఆగి, మరుసటి ఏడు మేలో మళ్లీ మొదలైంది. ప్రతి ఆట చివరా నటుడొకరు ముందుకొచ్చి, ముగింపు బయట ఎవరికీ చెప్పవద్దని ప్రేక్షకుల్ని కోరతారు. 70 ఏళ్లుగా జనం ఆ మాట నిలబెడుతూ వచ్చారు కాబట్టే కొత్తగా వెళ్లేవాళ్లకి ఇంకా ఆ నాటకంలో రుచి మిగిలింది. నువ్వూ అంతే చెయ్యి. మీ ఆఫీసు స్నేహితుల గ్రూపులో హంతకుడి పేరు పెట్టకు. ఎవరైనా అడిగితే, కూర్చుని చూడమని చెప్పు. అల్లుడు గారు రెండో భాగంలోనే ఎంత బతిమాలినా సరే, పెదవి విప్పకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ